పాత కారుకు కొత్త చక్రాలు: సరిపడేవే చవక

పాత కారును కంపెనీ ఇచ్చిన రూపంలోనే కాపాడుకుంటున్నవాళ్లకు చక్రాల దగ్గర పెద్ద చిక్కు రాదు. కారు పేరూ, తయారైన ఏడాదీ తెలిస్తే ఏ రిమ్ము, ఏ టైరు, ఏ నట్టు అన్నది కంపెనీ పుస్తకమే చెబుతుంది. బ్రేకులు మార్చి, సస్పెన్షన్ కిందికి దించి, ఒక్కోసారి ఇంజను కూడా మార్చి నడుపుతున్న పాత కారు సంగతి వేరు. దాని హబ్బు ఒక కారుది, డిస్కు ఇంకో కారుది అయి ఉండవచ్చు. బానెట్ మీద పేరు మాత్రమే మొదటి కంపెనీది. ఇలాంటి కారుకు చక్రాలు వెతికేవాళ్లు మామూలుగా రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకుంటారు. సరిగ్గా కూర్చునే చక్రం ఏది? మన స్తోమతకు అందేది ఏది? ఈ రెండూ ఒకటే ప్రశ్న అని నా వాదన. రిమ్ము చవగ్గా దొరికినా, దానికి టైరు దొరక్క, నట్లు మార్చి, స్పేసరు వేసి, మడ్‌గార్డు అంచు మడిచి, ఏడాది తిరగకుండా బేరింగులు కూడా మార్పిస్తే మిగిలేది ఏమీ ఉండదు. కారును ఇప్పుడున్న స్థితిలో కొలవడం, తర్వాత టైరు తేల్చుకోవడం, చివర్లో రిమ్ము కొనడం అనే వరుసలో వెళ్తేనే మొత్తం ఖర్చు తగ్గుతుంది. జనం ఎక్కువగా దీన్ని తిరగేస్తారు: ముందు నచ్చిన రిమ్ము కొని, తర్వాత మిగతావన్నీ దానికి సర్దుతారు.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి బ్రిటిష్ మినీ కంటే మంచి ఉదాహరణ లేదు. అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేసిన ఆ కారు 1959 ఆగస్టులో విడుదలైంది. మూడు మీటర్ల పైచిలుకు పొడవున్న బండిలో నలుగురు కూర్చోవాలంటే చక్రాలు లోపలి జాగాను తినకూడదు. అందుకని 10 అంగుళాల రిమ్ములు పెట్టారు. డన్‌లప్ సంస్థ వాటి కోసం ప్రత్యేకంగా టైర్లు తయారుచేసింది. మొదటి కార్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. 1961లో వచ్చిన కూపర్‌కు ముందు 7 అంగుళాల డిస్కులు, 1963 నాటి కూపర్ ఎస్‌కు 7.5 అంగుళాల డిస్కులు వచ్చాయి. 1974లో 1275 జీటీ మోడల్‌కూ, 1984లో మిగతా అన్ని మోడళ్లకూ 8.4 అంగుళాల డిస్కులతో పాటు 12 అంగుళాల చక్రాలు వచ్చాయి. 1990లలో కొన్ని కార్లకు 13 అంగుళాలవి కూడా ఇచ్చారు. 2000 అక్టోబరులో తయారీ ఆగేనాటికి 53 లక్షలకు పైగా మినీలు రోడ్డెక్కాయి. అంటే ఒకే పేరు మీద నలభై ఏళ్లలో మూడు రకాల చక్రాలు. ఇప్పుడు 1960ల నాటి మినీకి ఎవరో 1980ల నాటి ముందు బ్రేకులు బిగించారనుకుందాం. 8.4 అంగుళాలంటే 213 మిల్లీమీటర్లు. 10 అంగుళాల రిమ్ములో టైరు కూర్చునే చోట వ్యాసమే 254 మిల్లీమీటర్లు, లోపలి గుంట ఇంకా ఇరుకు. కాలిపర్‌కు అందులో చోటుండదు. పుస్తకంలో ఆ ఏడాది మినీకి 10 అంగుళాలని రాసి ఉంటుంది. ఎదురుగా ఉన్న కారు మాత్రం 12 అంగుళాలకు తక్కువైతే ఒప్పుకోదు. మార్పులు చేసిన ప్రతి పాత కారుదీ ఇదే పరిస్థితి. అందుకే మోడల్ పేరుతో వెతకడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

కొలవాల్సినవాటిలో మొదటిది బోల్టుల వలయం వ్యాసం. మెకానిక్కులు దీన్ని పీసీడీ అంటారు. నాలుగు స్టడ్లున్న హబ్బుకు ఇది తేలిక: ఒక స్టడ్డు లోపలి అంచు నుంచి, ఎదురుగా ఉన్న స్టడ్డు బయటి అంచు వరకు కొలిస్తే చాలు. అయిదు స్టడ్లుంటే ఏదీ దేనికీ సరిగ్గా ఎదురుగా ఉండదు కాబట్టి, పక్కపక్కనున్న రెండు స్టడ్ల మధ్య దూరాన్ని కొలిచి 1.701తో గుణించాలి. పక్క దూరం 67.2 మిల్లీమీటర్లయితే పీసీడీ 114.3, 82.1 అయితే 139.7. ఈ దశాంశాలు అంగుళాల కాలం నుంచి వచ్చాయి. 114.3 అంటే నాలుగున్నర అంగుళాలు, 139.7 అంటే అయిదున్నర. మినీది సరిగ్గా నాలుగు అంగుళాలు, అంటే 101.6 మిల్లీమీటర్లు. చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రపంచంలో చిన్న కార్లకు విరివిగా దొరికే పీసీడీ 100. తేడా 1.6 మిల్లీమీటర్లే కదా, స్టడ్డు ఒక్కింటికి 0.8 అని 100 రిమ్మును 101.6 హబ్బు మీదికి నెట్టేవాళ్లున్నారు. చూడ్డానికి అది ఎక్కుతుంది కూడా. కానీ నట్టు కిందనున్న వాలు ముఖం రిమ్ము రంధ్రపు వాలులో నలువైపులా ఆనాల్సింది పోయి ఒక పక్కనే కరుస్తుంది. స్పానర్‌కు నట్టు బిగిసినట్టే తగులుతుంది. ఆ బిగువులో చాలా భాగం స్టడ్డును పక్కకు వంచడానికే ఖర్చవుతుంది, రిమ్మును హబ్బుకు అదిమి పట్టడానికి మిగిలేది తక్కువ. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక నట్టు వదులవుతుంది, లేదా స్టడ్డు అలసి విరుగుతుంది.

పీసీడీ కుదిరినంత మాత్రాన పని అయిపోదు. రిమ్ము మధ్య రంధ్రం హబ్బు కంటే చిన్నదైతే అసలు ఎక్కదు. పెద్దదైతే, హబ్బు మీదే కేంద్రం కుదరాల్సిన కార్లలో మధ్య సందుకు రింగు వేయాలి. లేకపోతే స్టీరింగు వణుకుతుంది. నట్టు కూర్చునే తీరు కూడా రకరకాలు: కొన్నిటికి 60 డిగ్రీల వాలు, కొన్ని జర్మన్ కార్లకు బంతిలాంటి గుండ్రం, కొన్ని అల్లాయ్ రిమ్ములకు చదునుగా ఆనే పొడుగు మెడ నట్లు. ఒక రకం రంధ్రంలో మరో రకం నట్టు వేస్తే ఆనేది సన్నని గీత మీదే. మినీ స్టడ్డు మరలు 3/8 అంగుళం, అంగుళానికి 24 చొప్పున ఉండేవి. ఇక్కడ మరల లెక్క కూడా చూసుకోవాలి: నట్టు కనీసం స్టడ్డు మందమంత లోతుకు దిగాలన్నది ఇంజనీర్ల మామూలు నియమం. 3/8 అంగుళం స్టడ్డుకు అది సరిగ్గా 9 చుట్లు. ఇనుప రిమ్ము రేకు పల్చన, అల్లాయ్ రిమ్ము మధ్యభాగం మందం. కాబట్టి ఇనుప చక్రానికి సరిపోయిన పాత స్టడ్ల మీద అల్లాయ్ చక్రం పెడితే నాలుగైదు చుట్లకే మరలు అయిపోవచ్చు. పొడుగు స్టడ్లు, కొత్త నట్లు రిమ్ము ధరలో కనిపించని ఖర్చు. బేరమాడేటప్పుడే వాటినీ కలుపుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువగా తప్పు లెక్కపడేది ఆఫ్‌సెట్. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యనున్న గీతకూ, హబ్బుకు ఆనే ముఖానికీ ఉన్న దూరమే ఆఫ్‌సెట్. ఆ ముఖం బయటివైపుకు జరిగి ఉంటే ప్లస్, లోపలికి జరిగి ఉంటే మైనస్. లెక్క వేసి చూద్దాం. 5 అంగుళాల వెడల్పు, ప్లస్ 30 ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ము హబ్బు ముఖం నుంచి లోపలికి 93.5 మిల్లీమీటర్లు, బయటికి 33.5 మిల్లీమీటర్లు పోతుంది. దాని బదులు 6 అంగుళాల వెడల్పు, ప్లస్ 20 ఉన్నది పెడితే లోపలికి 96.2, బయటికి 56.2. లోపలివైపు మూడు మిల్లీమీటర్ల కంటే తక్కువే దగ్గరైంది. బయటివైపు మాత్రం దాదాపు 23 మిల్లీమీటర్లు పొడుచుకొచ్చింది. వెడల్పు ఒక్క అంగుళమే పెరిగిందన్న మాటలో ఈ సంగతి కనబడదు. టైరు మధ్యగీత కూడా 10 మిల్లీమీటర్లు బయటికి జరిగింది కనుక స్టీరింగు బరువెక్కుతుంది, గుంతలో పడ్డప్పుడు చేతికి కుదుపు ఎక్కువ తగులుతుంది, బేరింగు మీద మెలిపెట్టే బలం పెరుగుతుంది. ఆఫ్‌సెట్ చెప్పకుండా వెడల్పు మాత్రమే చెప్పి రిమ్ము అమ్మేవాళ్లు సగం సమాచారం దాచినట్టే.

ఈ కొలతలు చేతిలో ఉంటే పాత కార్లలో అదృష్టవంతమైనవి ఏవో, కానివి ఏవో తెలుస్తుంది. బీఎండబ్ల్యూ 2002కి నాలుగు స్టడ్లు, పీసీడీ 100, మధ్య రంధ్రం 57.1. 1980ల నాటి అదే కంపెనీ 3 సిరీస్ చాలా మోడళ్లకూ అవే కొలతలు. కాబట్టి తర్వాతి తరం కార్ల నుంచి ఊడదీసిన రిమ్ములు పాత కారుకు, ఆఫ్‌సెట్ చూసుకుంటే, తక్కువ ధరకు అక్కరకొస్తాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కథ వేరు. 1960ల చివరి దాకా దానికి అయిదు బోల్టులు, 205 మిల్లీమీటర్ల విశాలమైన వలయం. తర్వాత నాలుగు బోల్టులు, 130. ముందు డిస్కు బ్రేకులు పెట్టుకోవడానికి దొరికే కిట్లలో కొన్నిటికి పోర్షె 911 లాగా అయిదు బోల్టులు, 130 ఉంటుంది. అంటే మార్చిన బీటిల్‌కు ముందొక పీసీడీ, వెనకొక పీసీడీ ఉండే వీలుంది. ఎంజీబీలో స్పోకుల చక్రాలున్న కార్ల వెనక ఇరుసు, మామూలు చక్రాలున్న కార్ల ఇరుసు కంటే ఇరుకు. స్పోకులు తీసేసి బోల్టు చక్రాలకు మార్చిన ఎంజీబీకి కేటలాగులోని ఆఫ్‌సెట్ కుదరదు. మినీకి దగ్గరి చుట్టమైన ఆస్టిన్ మెట్రో 1980లో 101.6 పీసీడీతో వచ్చింది. 1990లో రోవర్ పేరుతో మారినప్పుడు 95.25 అయింది. మెట్రో రిమ్ములు మినీకి పడతాయన్న నానుడి విని ఏడాది అడక్కుండా కొంటే సగం సార్లు మోసపోతారు. డాట్సన్ 240 జెడ్‌కు నాలుగు స్టడ్లు, 114.3. ఆ పీసీడీ కొత్త కార్లలోనూ కనిపిస్తుంది, కానీ అవి ముందు చక్రాలు తిప్పే కార్లు. వాటి ఆఫ్‌సెట్ ప్లస్ 40 దాటి ఉంటుంది. వెనక చక్రాలు తిప్పే పాత కారుకు సున్నా నుంచి ప్లస్ 20 లోపు కావాలి. బోల్టులు సరిపోయినా రిమ్ము లోపలికి దూరి స్ట్రట్‌ను గీరుతుంది. మన దేశంలో మార్పులకు ఎక్కువగా గురయ్యే పాత బండి జీపు. విల్లీస్ జీపుకూ, మారుతి జిప్సీకీ అయిదు స్టడ్లు, 139.7 అన్నది ఒకటే. అయినా జీపు ముందు హబ్బు బయటికి పొడుచుకుని ఉంటుంది కనుక మధ్య రంధ్రం దాన్ని పట్టేంత ఉండాలి, ఆఫ్‌సెట్ కూడా చూసుకోవాలి. పీసీడీ కలవడం మొదటి మెట్టు మాత్రమే అనడానికి ఇన్ని రుజువులు.

ఇక టైరును ముందు తేల్చుకోవాలని ఎందుకు అంటున్నానంటే, రిమ్ము ఒకసారి కొంటాం, టైరు మళ్లీ మళ్లీ కొంటాం. 1970లలో మిషెలిన్ సంస్థ టీఆర్‌ఎక్స్ అనే పద్ధతి తెచ్చింది. ఆ రిమ్ముల వ్యాసం 365, 390, 415 మిల్లీమీటర్లు. అంగుళాల టైరు ఏదీ వాటి మీద కూర్చోదు. అప్పట్లో బీఎండబ్ల్యూ కూడా కొన్ని పెద్ద మోడళ్లకు వాటిని ఇచ్చింది. ఇప్పుడు ఆ రిమ్ములు వాడినవి తక్కువకే వస్తాయి, టైర్లు మాత్రం అరుదు, ఖరీదు. 1275 జీటీకి అదనపు హంగుగా ఇచ్చిన డన్‌లప్ డెనోవో చక్రాలదీ అదే గతి. మామూలు మినీ విషయంలో లెక్క ఇలా ఉంటుంది. 10 అంగుళాల 165/70 టైరు వ్యాసం 485 మిల్లీమీటర్లు. 12 అంగుళాల 165/60 అయితే 503, 145/70 అయితే 508. 13 అంగుళాల 175/50 అయితే 505. మొదటిదాని నుంచి 165/60కి మారితే స్పీడోమీటర్ మూడున్నర శాతం తక్కువ చూపిస్తుంది. ముల్లు 58 దగ్గర ఉన్నప్పుడు నిజవేగం 60. 10 అంగుళాల టైర్లు చేసే కంపెనీలు తక్కువ, వాటిలో కొన్ని పోటీల కోసం చేసిన మెత్తటి రబ్బరు, త్వరగా అరుగుతాయి. 12 అంగుళాలకు వస్తే మన పాఠకులకు బాగా తెలిసిన సంగతి ఒకటి ఎదురవుతుంది. 1984 తర్వాత మినీకి వేసిన 145/70 ఆర్ 12 సైజే మారుతి 800ది కూడా. మారుతి 800 తయారీ 2014 దాకా సాగింది, రోడ్ల మీద ఇంకా ఎన్నో తిరుగుతున్నాయి. కాబట్టి భారతదేశంలో మినీ ఉన్న యజమాని లోడు సూచిక, వేగం సూచిక సరిచూసుకుని టైరును మామూలు టైరు షాపులోనే కొనుక్కోవచ్చు. మారుతి రిమ్మును మాత్రం తెచ్చి పెట్టలేడు. దాని పీసీడీ 114.3. టైరు కలిసి, రిమ్ము కలవని ఈ జోడీ ఒక్కటి చాలు, రెండిటినీ విడివిడిగా లెక్కించాలని చెప్పడానికి. ఎంత చవకైనా టైరు పక్కగోడ మీద తయారీ తేదీని చెప్పే నాలుగు అంకెలు చూడాలి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 1219 అంటే 2019లో పన్నెండో వారం. గీతలు లోతుగా ఉన్నా, ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న టైరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు వదిలేస్తుంది.

రిమ్ము దగ్గరికి వస్తే తక్కువ ఖర్చు దారి సాధారణంగా కంపెనీ ఇనుప చక్రమే. ఆ కారు తర్వాతి మోడళ్లకు కంపెనీయే ఇచ్చిన ఇనుప రిమ్ములు, అల్లాయ్ పెట్టుకున్నవాళ్లు తీసి పక్కన పడేసినవి, పాత విడిభాగాల బజారులో తరచూ కనిపిస్తాయి. 8.4 అంగుళాల బ్రేకులున్న మినీకి 1984 తర్వాతి నాలుగున్నర అంగుళాల వెడల్పు ఇనుప రిమ్ము బ్రేకును తప్పించుకుని సరిగ్గా కూర్చుంటుంది, ఎందుకంటే ఆ బ్రేకుతో కలిపే దాన్ని రూపొందించారు. వంకర ఉందో లేదో చూడటం సులువు: హబ్బుకు బిగించి తిప్పుతూ, పక్కన కదలకుండా నిలబెట్టిన డయల్ గేజ్ ముల్లును గమనిస్తే చాలు. ఒక మిల్లీమీటరు దాటి ఊగితే వదిలేయడం మేలు. బాగా పాత ఇనుప రిమ్ములకు టైరు అంచు జారకుండా ఆపే గట్టు ఉండదు. అలాంటిదానిపై ట్యూబ్‌లెస్ టైరు వేస్తే గాలి తగ్గినప్పుడు మలుపులో అంచు లోపలికి జారవచ్చు, ట్యూబు తప్పనిసరి. స్పోకుల చక్రానికీ ట్యూబే గతి, స్పోకుల దగ్గర గాలి నిలవదు. అల్లాయ్ కావాలంటే మినీలైట్ అనే ఎనిమిది చువ్వల రూపం మినీలకు 1960ల నుంచి పేరు తెచ్చుకుంది. మొదట్లో దాన్ని మెగ్నీషియంతో పోత పోశారు. ఆనాటి అసలు చక్రాలు సేకరణకర్తల సొత్తు. తేమకు తినేసి, చువ్వల మూలాల్లో కంటికి కనబడని పగుళ్లు వచ్చే లోహం అది. వాటిని నిజంగా నడపాలనుకునేవాళ్లు ముందు రంగు పరీక్ష చేయించాలి. శుభ్రం చేసిన రిమ్ము మీద ఎర్ర ద్రవం పూసి, కాసేపాగి తుడిచేసి, తెల్లని పొడి చల్లుతారు. పగులుంటే లోపలికి దిగిన ఎరుపు సన్నని గీతగా పైకి ఉబుకుతుంది. బాయిలర్ల, ఓడల వెల్డింగు తనిఖీలో వాడే పద్ధతే ఇది.

అల్యూమినియం నకళ్లు చవక, చూడటానికి తేడా తెలియదు. నకలు అయినంత మాత్రాన తీసిపారేయాల్సిన పనిలేదు. చూడాల్సింది వెనక వైపు పోతలో దిగిన అచ్చులు: వెడల్పు, ఆఫ్‌సెట్, మోయగల బరువు, ఏ పరీక్ష గుర్తు ఉంది. జపాన్ జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు, జర్మనీ అనుమతి సంఖ్య, మన దేశంలో ఐఎస్ 16192 ప్రమాణపు ఐఎస్‌ఐ గుర్తు అందులో కొన్ని. ఏ అచ్చూ లేని రిమ్ము ఎంత మెరిసినా దాని బలం గురించి చెప్పగలిగేవాళ్లెవరూ ఉండరు. మినీ వంటి ఏడెనిమిది వందల కిలోల లోపు కారుకు బరువు పెద్ద సమస్య కాదనిపించవచ్చు. కానీ దానిలోకి హోండా ఇంజను దింపినవాళ్లున్నారు. ఆ మార్పుతో ముందు ఇరుసు మీద బరువూ, చక్రాలు మోయాల్సిన శక్తీ రెండూ పెరుగుతాయి. బ్రేకులు పెరిగి 13 అంగుళాలు అవసరమవుతాయి. దాత కారు హబ్బులే వాడితే పీసీడీ 100 అయిపోతుంది, వెనక మాత్రం 101.6 మిగిలిపోతుంది. మార్పు ఎంత లోతుగా ఉంటే కేటలాగు అంత దూరమవుతుందన్నమాట.

దీనికి మొదటి అభ్యంతరం తెలిసిందే: స్పేసర్లూ, అడాప్టర్లూ ఉండగా ఇంత కొలత ఎందుకు? స్పేసరు అంటేనే ప్రమాదమని కొందరు చెబుతారు, అది సరికాదు. బేరింగు మీద పడే బలాన్ని నిర్ణయించేది టైరు చివరికి ఎక్కడ నిలిచిందన్నదే. ప్లస్ 40 రిమ్ముకు 20 మిల్లీమీటర్ల స్పేసరు వేస్తే బేరింగుకు అది ప్లస్ 20 రిమ్మే. నాణ్యమైన లోహంతో చేసి, హబ్బు మీద కేంద్రం కుదిరి, సొంత స్టడ్లున్నదైతే దాన్ని వాడవచ్చు. ఆఫ్‌సెట్ ఎక్కువైన కొత్త రిమ్ముల్ని పాత 114.3 కార్లకు తెచ్చుకోవడానికి అది న్యాయమైన దారే. అయితే పీసీడీ మార్చే అడాప్టరుకు ఎంతో కొంత మందం తప్పదు, మామూలుగా 20 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అంత మందం భరించే ఆఫ్‌సెట్ రిమ్ముకు లేకపోతే చక్రం బయటికి పొడుచుకొస్తుంది. నాలుగు అడాప్టర్లు, రెండింతల నట్లు, రెండు చోట్ల బిగువు తనిఖీ అన్నీ కలిపితే అసలు సరిపోయే రిమ్ముకు అయ్యే ఖర్చును దాటే అవకాశం ఉంది. అప్పుడు దాన్ని చవక అనలేం. ఇంకా తేలికగా, సొంత స్టడ్లు లేని పల్చని ప్లేటును దూర్చి పాత స్టడ్ల మీదే నట్లు బిగిస్తే మరల చుట్లు తగ్గిపోతాయి. దానికి నేను ఒప్పుకోను.

రెండో అభ్యంతరం అటూ ఇటూ కదిలే ముఖమున్న బోల్టుల గురించి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాను సర్దేలా వాటి వాలు ముఖం విడిగా కదులుతుంది. వంకరగా బిగించిన మామూలు నట్టు కంటే అవి మేలు, సందేహం లేదు. కానీ అవి పనిచేయాలంటే రిమ్ము హబ్బు మీద కచ్చితంగా కేంద్రం కుదరాలి. నట్ల మీదే కేంద్రం కుదిరే పాత డిజైన్లలో చక్రాన్ని మధ్యకు తెచ్చే ఆధారం పోతుంది. మూడోది, లేతు మిషను పనివాళ్లతో రిమ్ము రంధ్రాలు మళ్లీ కొట్టించడం. అల్లాయ్‌లో పాత రంధ్రం పక్కనే కొత్త రంధ్రం పడితే మధ్యనున్న సన్నని గోడ మీద బరువంతా పడుతుంది, దీన్ని పూర్తిగా మానేయాలి. ఇనుప రిమ్ము మధ్య ప్లేటును వేరుచేసి కొత్త వెడల్పు పట్టీలో వెల్డింగు చేయడం ఒకప్పుడు బాగా సాగిన పని. అలవాటున్న చేయి, సరైన జిగ్గు, తర్వాత డయల్ గేజ్ తనిఖీ ఉంటే అది కావలసిన ఆఫ్‌సెట్‌నే పుట్టిస్తుంది. ఎక్కడా దొరకని కొలత అవసరమైన అరుదైన కారుకు దీన్ని ఒప్పుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వెల్డింగు తెలిసినవాళ్లకు కొదవ లేదు. అడగాల్సింది, రిమ్ము గుండ్రం చెదరకుండా పట్టే జిగ్గు ఉందా అని. అది లేనిచోట పని చేయించకూడదు.

నాలుగో అభ్యంతరం వెతుకులాటకే సంబంధించినది: కొలతలన్నీ నిపుణుల పని, దుకాణంలో పెట్టి చూస్తే సరిపోతుంది కదా? పెట్టి చూడటాన్ని నేను సమర్థిస్తాను, కానీ ఎలా చూడాలన్నది ముఖ్యం. కారు నేల మీద నిలబడి ఉండగా రిమ్ము ఎక్కిందంటే ఏమీ తేలలేదు. టైరు వేసిన ఒక్క చక్రాన్ని బిగించి, సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకునేలా ఎత్తి, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి. తగిలేది ఎక్కువగా అప్పుడే: టైరు భుజం మడ్‌గార్డు అంచుకు, లేదా లోపలి గోడ బ్రేకు పైపుకు. కాలిపర్ మీద మెత్తటి బంకమట్టి ముద్ద అంటించి చక్రాన్ని చేత్తో తిప్పితే సందు ఎంతుందో మట్టి మీద అచ్చు పడుతుంది. మూడు మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలితే వేడికి, ఊపుకు అది చాలదు. అమ్మేవాడు ఒక రిమ్మును పరీక్షకు ఇవ్వనంటే, నాలుగిటి డబ్బు కట్టకపోవడమే మంచిది. బిగించాక వంద కిలోమీటర్ల లోపు నట్లను టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. ఇవి మెకానిక్కు చేయగలిగినవే, ఎక్కువ సమయమూ పట్టవు. మడ్‌గార్డు అంచు కోసి టైరుకు దారిచేద్దామన్న ఆలోచన ఇక్కడే పుడుతుంది. చెప్పు ఇరుకైతే కాలు చెక్కుకోం. పాత కారు రేకు తిరిగిరాదు. రిమ్ము మళ్లీ దొరుకుతుంది.

చివరి అభ్యంతరం బరువైనది: చట్టం, అసలుతనం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకూ ఆరు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ ఉండవచ్చు. 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకే వర్తిస్తాయి. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని కార్లకు ఏటా తనిఖీ నుంచి మినహాయింపు ఉంది. రోడ్డు మీద సురక్షితంగా ఉంచాల్సిన బాధ్యత మాత్రం తీసేయలేదు. ఇవన్నీ మార్పులు వద్దనే వాదనకు బలమిస్తాయి, ఆ బలాన్ని నేను కాదనను. కానీ బ్రేకులు ఇప్పటికే మార్చిన కారుకు వెనక్కి వెళ్లడం చవకా కాదు, సురక్షితమూ కాదు. అలాంటివాళ్లకు అదే కంపెనీ అదే మోడల్‌కు తర్వాతి ఏళ్లలో ఇచ్చిన సైజు చక్రాలు ఎంచుకోవడం రెండు విధాల మేలు: కొలతలు ముందే పరీక్షకు నిలిచినవి, అధికారికి చూపించడానికి కంపెనీ పుస్తకమే ఆధారం. మార్పు వివరం బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పడం దీనిలో భాగమే.

ఈ పరిశీలనను కలిపి చూస్తే తీర్పు ఇది. మార్చిన మినీ లాంటి కారుకు హబ్బునూ బ్రేకునూ కొలవగానే వ్యాసం, పీసీడీ తేలిపోతాయి. ఆ వ్యాసంలో ఊళ్లో దొరికే టైరు వెడల్పును, ఎత్తును నిర్ణయిస్తుంది. చివరికి మిగిలే రిమ్ము ఎంపిక చాలా చిన్నది. ఆ చిన్న జాబితాలో కంపెనీ ఇనుప చక్రం మొదటిది, అచ్చులున్న అల్లాయ్ రెండోది, నాణ్యమైన స్పేసరుతో మరో కారు రిమ్ము మూడోది, ప్రత్యేకంగా చేయించినది నాలుగోది. కొలతతో మొదలుపెట్టినవాడు ఈ జాబితాలో ఎక్కడున్నాడో ముందే తెలుసుకుంటాడు. రిమ్ముతో మొదలుపెట్టినవాడు ఖర్చు పెట్టాక తెలుసుకుంటాడు. ఇందులో కొనేవాళ్ల బాధ్యత ఎంతుందో అమ్మేవాళ్ల బాధ్యతా అంతే. పీసీడీ, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్, నట్టు వాలు, మోయగల బరువు అనే అయిదు సంఖ్యలు ధర పక్కన రాయని రిమ్మును పాత కారు కోసం ఎవరూ కొనకూడదు. పాత కార్ల సంఘాలు తమ సభ్యుల మార్చిన కార్ల కొలతలను, ఏ చక్రం ఎక్కడ తగిలిందో, ఏది తగల్లేదో సహా ఒకచోట పట్టికగా పెట్టుకుంటే, ప్రతి యజమానీ అదే పరీక్షను తన ఖర్చుతో మళ్లీ చేయాల్సిన అవసరం ఉండదు.